కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాట కన్నవాళ్ళకి చేరవేయవచ్చా?

మేనత్త, రాజమండ్రి

ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. బయటివాళ్ళు ఏమంటారో వినాలని రాస్తున్నాను.

మా తమ్ముడి కొడుక్కి 19 ఏళ్ళు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడు. ఐదు బ్యాక్‌లాగులు పడ్డాయి. రాత్రిళ్ళు నిద్రపోడు, ఫోన్ చేస్తే ఎత్తడు. మా తమ్ముడే వెతికి ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. సెషన్‌కి 1,500 రూపాయలు. నాలుగుసార్లు వెళ్ళాక వాడి గొంతు కాస్త తేటపడింది. తనంతట తనే నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

పండక్కి ఇంటికొచ్చాడు. అందరం భోజనాలకి కూర్చున్నాం. మా తమ్ముడు చొక్కా జేబులోంచి ఫీజు రసీదు తీశాడు. దాని వెనక నీలం పెన్నుతో నాలుగు లైన్లు రాసి ఉన్నాయి. ముందురోజు కౌన్సెలర్‌కి ఫోన్ చేసి "మావాడు ఎలా ఉన్నాడు మేడమ్?" అని అడిగితే ఆవిడ చెప్పినవి, మర్చిపోకుండా రాసుకున్నాడు. ఇంజినీరింగ్ మానేద్దామని ఉంది. ఒక అమ్మాయి ఉంది, మనవాళ్ళు కాదు. నాన్నంటే భయం. నాలుగోది ఇక్కడ రాయను. అవన్నీ చదివి మా తమ్ముడు తిట్టలేదు, కేకలెయ్యలేదు. "ఇదంతా నాతో చెప్పచ్చు కదరా" అన్నాడు, అంతే. వాడు కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. లేచేముందు వాళ్ళ నాన్న మొహం వంక చూడలేదు, ఆ కాగితం వంకే చూశాడు. మళ్ళీ కౌన్సెలింగ్‌కి వెళ్ళలేదు. నాకూ ఫోన్ చేయడం లేదు.

మా తమ్ముడిది చెడ్డ మనసు కాదు. అడిగే హక్కు తండ్రికి ఉంటుంది, కాదనను. చెప్పే హక్కు ఆవిడకి ఎక్కడిది? నా లెక్కలో ఆవిడ చేసింది తప్పు. ఇంట్లో ఈ మాట అంటున్నది నేనొక్కదాన్నే.

గుంటూరు నాన్న

అక్కా, నేను మీ తమ్ముడి వైపు. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే జ్వరమెంతుందో తండ్రికి చెప్పరా? మనసుకి జ్వరమొస్తే మాత్రం తండ్రి బయటివాడైపోయాడా? ఫీజు, హాస్టలు, మెస్సు, ఫోన్ రీచార్జి అన్నీ మన చేతి మీదుగా నడిచే ఇళ్ళు మనవి. 18 నిండగానే వాడి బాధ వాడిదే అని వదిలేయడం అమెరికాలో చెల్లుతుందేమో. ఇక్కడ రేపు వాడికి ఏమన్నా అయితే ఆసుపత్రి బయట నిలబడేది మీ తమ్ముడే.

ఊరికే వాదన కోసం అనడం లేదు. నా స్నేహితుడి కూతురు ఎనిమిది నెలలు కౌన్సెలింగ్‌కి వెళ్ళింది. బతకాలని లేదని అక్కడ రెండుసార్లు చెప్పిందట. ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిసింది ఐసీయూ బయట. పిల్ల బతికింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రి బెంచీ మీద కూర్చుని వాడు నన్నొక మాట అడిగాడు: "డబ్బులు తీసుకున్నావిడకి తెలుసు, కన్నవాణ్ణి నాకు తెలీదు. ఇదేం న్యాయంరా?" నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

పదకొండేళ్ళ ప్రాక్టీసు, హైదరాబాద్

నేను క్లినికల్ సైకాలజిస్టుని. మేనత్త గారు చెప్పిన కౌన్సెలర్ చెప్పకూడనిది చెప్పింది. గుంటూరు నాన్న గారి స్నేహితుడి విషయంలో కౌన్సెలర్ చెప్పాల్సింది చెప్పలేదు. రెండూ తప్పులే. రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని ఒప్పు చేయలేం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతని రోగి హక్కుగా రాశారు. మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగబోతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, వైద్యం చేస్తున్న వేరే నిపుణులకి అవసరమైనప్పుడు చెప్పవచ్చు. అప్పుడు కూడా ఆ అవసరానికి ఎంత కావాలో అంతే. "బతకాలని లేదు" అని ఒక పిల్ల అంటే నేను ఆ సెషన్‌లోనే నేరుగా అడుగుతాను. ఆలోచన వరకేనా, ఎలా చేయాలో కూడా అనుకుందా, ఇదివరకు ప్రయత్నించిందా, రాత్రిపూట ఇంట్లో తోడు ఎవరుంటారు. ముప్పు దగ్గర్లో ఉందనిపిస్తే ఇంటికి చెప్పి తీరాలి. చెప్పకుండా ఊరుకుని దానికి గోప్యత అని పేరు పెట్టకూడదు.

అయితే పిల్లల వెనకాల నేను ఫోన్ చేయను. "ఇది నా ఒక్కదాని దగ్గర ఉంచుకోలేను, మీ అమ్మకి తెలియాలి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి చెబుదామా?" అంటాను. చాలామంది మూడోదే అడుగుతారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ పిల్ల పక్కన ఉండగానే మాట్లాడతాను. ఏం చెప్పానో, ఏం చెప్పలేదో తన చెవులతో తనే వింటుంది. అందుకే తర్వాతి వారం మళ్ళీ వస్తుంది.

ఇక తండ్రి ఫోన్ చేసి "ఎలా ఉన్నాడు?" అంటే దానికి జవాబు మొదటి రోజే ముగ్గురం కూర్చుని రాసుకున్న కాగితంలో ఉంటుంది. వస్తున్నాడా లేదా అన్నది చెప్పడానికి కుర్రాడు ఒప్పుకుంటే అంతవరకే చెప్తాను. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు తండ్రులు నొచ్చుకుంటారు. నాకూ కష్టంగానే ఉంటుంది. ఎదురుగా కూర్చున్నది బిడ్డ కోసం నెలల తరబడి నిద్ర లేని మనిషి. కానీ ఆ రోజు నేను మొహమాటపడితే తర్వాత ఆ కుర్రాడు నాకు దొరకడు.

గుంటూరు నాన్న

మేడమ్, ఆ చట్టం నేనూ చదివాను. రోగి తరఫున నామినేటెడ్ ప్రతినిధి అని ఒకరుంటారు. రోగి ఎవరి పేరూ ఇవ్వకపోతే బంధువే ప్రతినిధి అవుతాడని 14వ సెక్షన్‌లో ఉంది. ప్రతినిధికి సమాచారం ఇవ్వచ్చని మీరు చెప్పిన 23లోనే ఉంది. మరి తండ్రి బంధువు కాడా?

పదకొండేళ్ళ ప్రాక్టీసు, హైదరాబాద్

నిజమే అండీ, ఉంది. కానీ అదే వాక్యంలో ఇంకోటి కూడా ఉంది: చట్టం ఆయనకి అప్పగించిన పనులు చేయడానికి కావలసినంత వరకు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే దరఖాస్తు పెట్టడం, వైద్యం గురించి నిర్ణయం తీసుకోవడంలో తోడుండటం, డిశ్చార్జి ఏర్పాట్లు చూడటం, అలాంటివి. తనంతట తానే సెషన్‌కి వచ్చిపోయే కుర్రాడు ఏ అమ్మాయిని ఇష్టపడుతున్నాడో తెలుసుకోవడం ఆ పనుల్లో లేదు.

మేనత్త గారూ, మీకో మాట. ఈ చట్టంలో మానసిక ఆరోగ్య నిపుణులు అంటే ఎవరో నిర్వచించారు. కొద్ది నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు అందులోకి రారు. క్లినికల్ సైకాలజిస్టులకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సీఆర్‌ఆర్ నంబరు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, ఉంటుంది. ఆవిడని ఆ నంబరు అడిగారా?

వరంగల్ లెక్చరర్

నా దగ్గరున్నది 16, 17 ఏళ్ళ ఇంటర్ పిల్లలు. మైనర్లకి చట్టప్రకారం ప్రతినిధి తల్లిదండ్రులే కాబట్టి గుంటూరు నాన్న గారి వాదన అక్కడ మరింత బలంగా ఉంటుంది. కానీ కాలేజీ కౌన్సెలర్ ముందుగా జవాబు చెప్పుకునేది తల్లిదండ్రులకి కాదు, జీతం ఇచ్చే యాజమాన్యానికి. ఈ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఇదివరకు నేను పనిచేసిన ఒక కాలేజీలో కౌన్సెలింగ్ రిజిస్టర్ ప్రిన్సిపాల్ టేబుల్ మీద పడి ఉండేది. పేరు, సెక్షన్, రోల్ నంబరు, చివరి గడిలో "సమస్య". సంతకం కోసం వెళ్ళినవాళ్ళెవరైనా తిప్పి చూడొచ్చు. నేనూ చూశాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొదటి పేజీల్లో నిజాలున్నాయి. ఇంటి మీద బెంగ. వార్డెన్ అందరి ముందూ తిట్టాడు. నాన్న తాగొచ్చి అమ్మని కొడతాడు. దసరా సెలవుల తర్వాత నుంచి ఆ గడిలో ఒకటే మాట, పేజీ తర్వాత పేజీ: "చదువు టెన్షన్". రిజిస్టర్ ఎక్కడుంటుందో పిల్లలకి తెలిసిపోయింది.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దంది. చాలా మంచి మాటలు. కౌన్సెలర్‌ని పెట్టారు సరే, ఆవిడ రాసే కాగితాలు ఏ బీరువాలో ఉంటాయి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? మా దగ్గర ఈ ప్రశ్న వేసినందుకు నన్నే వింతగా చూశారు.

పోక్సో సంగతి వేరు. 18 లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకి చెప్పాల్సిందే. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు ఉంది. ఈ ముక్క పిల్లలకి ముందే చెబితే నోరు విప్పరేమో అని కౌన్సెలర్లు భయపడతారు. అయినా ముందే చెప్పాలంటాను. నమ్మించి మాట రాబట్టుకుని తర్వాత స్టేషన్‌కి వెళ్ళడం ఆ పిల్లకి రెండో దెబ్బ.

ఫ్రీమాంట్ తెలుగు

గుంటూరు నాన్న గారు అమెరికా మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. థెరపిస్టు రహస్యం దాటి చర్య తీసుకోవాల్సిన సందర్భం ఉంటుందన్న సూత్రం ఇక్కడ గట్టిపడింది మన దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి వల్లే. బర్కిలీలో చదువుతున్న ప్రొసెన్‌జిత్ పొద్దార్, టటియానా తారాసాఫ్ అనే అమ్మాయిని చంపుతానని యూనివర్సిటీ సైకాలజిస్టుతో అన్నాడు. ఆయన క్యాంపస్ పోలీసులకి ఉత్తరం రాశాడు. పోలీసులు పట్టుకుని మాట్లాడి, బాగానే ఉన్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ వాళ్ళ అమ్మానాన్నలకి గానీ ఎవరూ చెప్పలేదు. 1969 అక్టోబర్ 27న చంపేశాడు. కన్నవాళ్ళు కోర్టుకెక్కారు. ఎదుటి మనిషికి ముప్పుందని తెలిసిన థెరపిస్టు ఆ మనిషిని కాపాడే చర్య తీసుకోవాల్సిందేనని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది.

మీ స్నేహితుడి ప్రశ్న కూడా ఇక్కడి కోర్టుకి వచ్చింది. కూతురు ఆత్మహత్య చేసుకుంటే, మాకెందుకు చెప్పలేదని తల్లిదండ్రులు సైకియాట్రిస్టు మీద కేసు వేశారు. బెల్లా వర్సెస్ గ్రీన్‌సన్, 1978. ఇంకొకరికి ముప్పున్నప్పటి బాధ్యతని తనకు తాను చేసుకునే హానికి కూడా వర్తింపజేయలేమని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు చెప్పింది. ఇద్దరు పిల్లల తండ్రిగా ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన 23వ సెక్షన్‌లో ప్రాణానికి ముప్పు అన్న మాట స్పష్టంగా ఉండటం నాకు మేలనిపిస్తుంది.

ఇరవై రెండేళ్ళు

నన్ను మా అమ్మ తీసుకెళ్ళేది. గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. తలుపు కింద సందులోంచి అమ్మ చెప్పులు కనిపించేవి. ఆ చెప్పుల వంక చూస్తూ మూడు నెలలు "అంతా బానే ఉంది మేడమ్" అన్నాను. ఒకరోజు మేడమ్ లేచి వెళ్ళి, కింద హోటల్లో కాఫీ తాగి రమ్మని అమ్మని పంపించింది. చెప్పులు కదిలి వెళ్ళడం చూశాను. అప్పుడు ఏడ్చాను.

అంతకుముందు ఒక రాత్రి మరీ భయమేసి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

గుంటూరు నాన్న

చెప్పుల మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా అమ్మాయిది ఇంటర్ రెండో ఏడు.

సరే. ప్రేమ, చదువు, నాన్నంటే భయం, ఇవి తండ్రికి చెప్పక్కర్లేదు. ఇది ఒప్పుకుంటున్నాను. ఆ రసీదు వెనక రాసినవి రాయకూడనివే. కానీ ప్రాణం దగ్గర నా మాట మీదే ఉన్నాను. ముప్పు దగ్గర్లో ఉందా లేదా అన్నది ఆ గదిలో ఒక్క మనిషి తేలుస్తుంది. ఆ లెక్క తప్పితే పోయేది నా బిడ్డ. అనుమానం వస్తే చాలు, ఇంటికి చెప్పాలి. తర్వాత పిల్ల నా మీద అలిగితే అలగనివ్వండి, బతికుంటే కదా అలిగేది.

పదకొండేళ్ళ ప్రాక్టీసు, హైదరాబాద్

మీ భయం నాకు తెలుసు అండీ, దాన్ని తక్కువ చేయను. నేను ఒంటరిగా తేల్చను. పేరు చెప్పకుండా కేసు వివరం చెప్పి సీనియర్‌ని అడుగుతాను, ఏ కారణంతో ఏ నిర్ణయం తీసుకున్నానో అదే రోజు రాసి పెడతాను. కానీ ప్రతి అనుమానానికీ ఇంటికి ఫోన్ వెళ్తుందని తెలిస్తే పిల్లలు "చదువు టెన్షన్" అని ఊరుకుంటారు. అప్పుడు అనుమానించడానికి కూడా నా చేతిలో ఏమీ ఉండదు. ఈ ఒక్కచోట మీరూ నేనూ కలవకపోవచ్చు.

మేనత్త, రాజమండ్రి

నంబరు అడిగాను. ట్రైనింగ్ అయిందన్నారు, నంబరు మాత్రం చెప్పలేదు.

ఇదంతా మా తమ్ముడికి చదివి వినిపించాను. లెక్చరర్ గారి రిజిస్టర్ దాకా ఊఁ కొడుతూనే ఉన్నాడు. చెప్పుల దగ్గర ఆగమన్నాడు. లోపలికి వెళ్ళి ఆ రసీదు తెచ్చాడు. "చింపెయ్యనా, వాడికే ఇచ్చెయ్యనా?" అన్నాడు. వాడికే ఇవ్వమన్నాను. ఇచ్చాడో లేదో నేను అడగలేదు.

నిన్న రాత్రి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అత్తా, ఇంకొకరి దగ్గరికి వెళ్తాను. ఫీజు నువ్వు కడతావా? ఏమీ అడక్కుండా?" కడతానన్నాను. పొద్దున్న కొత్త క్లినిక్‌కి ఫోన్ చేస్తే సీఆర్‌ఆర్ నంబరు వాళ్ళే ముందు చెప్పారు. డబ్బు పంపాక, రసీదు ఎవరి పేరున రాయమంటారని అడిగారు. వాడి పేరునే రాసి, వాడి చేతికే ఇమ్మన్నాను.