‘గోళం’ అన్నప్పుడు పైతలమా, లోపలి నిండుదనమా?

‘గోళం లోపల గురుత్వాకర్షణ ఉండదు’ అని నేనొక విజ్ఞాన వ్యాసంలో రాసిన వాక్యమే ఈ చర్చకు మూలం. అది చదివిన ఒక పాఠకుడు, ‘అలాగైతే భూమిలోకి గొయ్యి తవ్వుకుంటూ దిగినవాడి బరువు వెంటనే పోవాలి కదా?’ అని అడిగారు. ప్రశ్నలో తప్పు లేదు, తప్పంతా నా వాక్యంలోనే ఉంది. న్యూటన్ 1687లో వెలువరించిన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో ఆ మాట నిరూపించింది బోలు గోళం గురించి. అంతటా ఒకే తీరుగా ఉన్న గుల్ల, తన లోపల ఎక్కడ ఉంచిన వస్తువునైనా ఏ పక్కకూ లాగదు. దగ్గరగా ఉన్న కొద్దిపాటి భాగం లాగే బలమూ, దూరంగా ఉన్న పెద్ద భాగం ఎదురుదిక్కుకు లాగే బలమూ సరిగ్గా చెల్లుకు చెల్లు అవుతాయి. నిండు గోళంలో సంగతి వేరు. సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే, కేంద్రం వైపు దిగే కొద్దీ ఆకర్షణ దూరంతో పాటు క్రమంగా తగ్గుతూ వచ్చి, కేంద్రం దగ్గర మాత్రమే సున్నా అవుతుంది. నేను వదిలేసినవి ‘బోలు’ అనే రెండక్షరాలే కాని, వాటితో వాక్యం అర్థమే మారిపోయింది.

అప్పటి నుంచి ఈ మాట నన్ను వదలలేదు. శాస్త్రంలో, పటాల తయారీలో, వైద్యంలో, రంగుల అధ్యయనంలో గోళాన్ని నమూనాగా తీసుకున్న ప్రతిచోటా మొదట తేలవలసిన విషయం ఒక్కటే: మనం చెబుతున్నది గోళం పైతలం గురించా, లోపలి నిండుదనం గురించా? మన ‘గోళం’ ఆ రెంటినీ ఒకే గొడుగు కింద ఉంచుతుంది. గణితంలో పై స్థాయికి వెళ్లినప్పుడు ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుని, పైతలాన్ని ‘స్ఫియర్’ అనీ లోపలితో కలిపిన దాన్ని ‘బాల్’ అనీ కచ్చితంగా విడదీస్తారు. తెలుగులో మాత్రం గోళం ఉపరితల వైశాల్యమూ గోళమే, గోళం ఘనపరిమాణమూ గోళమే.

అలాగని తెలుగుకు ఈ తేడా తెలియదనుకోవడం పొరపాటు. మన వాడుకలోని మాటలు దాన్ని చక్కగా పట్టుకున్నాయి. ‘బుడగ’ అంటే పైపొర తప్ప లోపల పదార్థం లేనిదని పిల్లలకూ తెలుసు. ‘ఉండ’, ‘గుండు’ అంటే లోపలంతా నిండి, చేతికి బరువు తగిలేవి. ‘బంతి’ మాత్రం రెండు వైపులా ఉంటుంది, ఎందుకంటే గాలి నింపిన బంతీ బంతే, గట్టి బంతీ బంతే. ఇక ‘గుండ్రం’ వీటన్నిటికంటే వదులైన మాట, చక్రాన్నీ బంతినీ కూడా గుండ్రమనే అంటాం కనుక శాస్త్ర రచనలో దాన్ని ఒంటరిగా వాడకపోవడమే మేలు. సంస్కృతంలో ‘గోల’ అని లకారంతో కనిపించే పదం తెలుగులో ‘గోళ’గా స్థిరపడడం కూడా మనకు కలిసివచ్చింది, లేకపోతే అల్లరి అనే అర్థమున్న మన ‘గోల’తో కలిసిపోయేది.

పారిభాషిక పదాలు కూర్చిన పెద్దలకు కూడా ఈ ఎరుక ఉందనడానికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం ‘ఆవరణం’. ‘స్ఫియర్’తో ముగిసే పదాలు తెలుగులోకి వచ్చినప్పుడు శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం అయ్యాయే గాని శిలాగోళం, జలగోళం కాలేదు. అవి నిండు గోళాలు కావు, భూమిని చుట్టి ఉన్న పొరలు. మూలపదంలో కనిపించని స్పష్టతను తెలుగు పదం ఇచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే, 1150 నాటి భాస్కరాచార్యుని గణిత గ్రంథం లీలావతిలో ఈ తేడాను ఒక్క మందాక్రాంత శ్లోకంలోనే చూడవచ్చు:

వృత్తక్షేత్రే పరిధిగుణితవ్యాసపాదః ఫలం యత్
క్షుణ్ణం వేదైరుపరి పరితః కందుకస్యేవ జాలమ్ ।
గోలస్యైవం తదపి చ ఫలం పృష్ఠజం వ్యాసనిఘ్నం
షడ్భిర్భక్తం భవతి నియతం గోలగర్భే ఘనాఖ్యమ్ ॥

వృత్తం వైశాల్యం కావాలంటే వ్యాసంలో నాలుగో వంతును పరిధితో గుణించాలి. దాన్ని వేదాలతో, అంటే నాలుగుతో గుణిస్తే, బంతి మీద నలువైపులా కప్పిన వల లాంటి గోళపృష్ఠఫలం వస్తుంది. ఆ పృష్ఠఫలాన్ని మళ్లీ వ్యాసంతో గుణించి ఆరుతో భాగిస్తే గోళగర్భంలోని ఘనఫలం వస్తుంది. ఈ లెక్క నేటి సూత్రాలతో సరిగ్గా కలుస్తుంది, కాని మన చర్చకు కావలసింది ఆయన ఎంచుకున్న మాటలు. పైతలానికి ‘పృష్ఠం’ అన్నారు, లోపలికి ‘గర్భం’ అన్నారు, పైతలం మందం లేనిదని మనసుకు తట్టేలా ‘కందుకస్యేవ జాలం’ అని ఉపమానం చెప్పారు. బంతి మీద వల వేసినప్పుడు మన దృష్టి బంతి లోపలికి పోదు, వల కన్నుల మీదే నిలుస్తుంది. పైతలాన్ని చిన్నచిన్న గళ్లుగా కోసి కొలవాలన్న ఆలోచన కూడా ఆ పోలికలోనే ఇమిడి ఉంది. నాకు ఈ శ్లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఈ మాటల్ని మనం వదిలేయడం వల్ల కలిగే ఇబ్బంది అర్ధగోళం దగ్గర బయటపడుతుంది. ‘అర్ధగోళం వైశాల్యం ఎంత?’ అని మాత్రమే అడిగితే రెండు సరైన జవాబులున్నాయి. వంపు తిరిగిన భాగం మాత్రమే కావాలంటే అది 2πr², కోసిన చోటి చదును ముఖాన్ని కూడా కలిపితే 3πr². అందుకే పాఠ్యపుస్తకాల్లో వక్రతల వైశాల్యం, సంపూర్ణతల వైశాల్యం అని విడదీసి చెబుతారు. బోలు గిన్నె బయటి వైపుకు రంగు వేయాలంటే మొదటిది, సగానికి కోసిన చెక్క గుండు అంతటికీ రంగు వేయాలంటే రెండవది వర్తిస్తుంది.

పటాలు గీసేవారికి కావలసింది పైతలమే. భూమి భూమధ్యరేఖ వద్ద 6,378 కిలోమీటర్ల వ్యాసార్ధంతోనూ ధ్రువాల వైపు 6,357 కిలోమీటర్లతోనూ ఉంటుంది కనుక కచ్చితంగా చెప్పాలంటే అది గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త అణిగిన గోళాభం. అయినా రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 6,371 కిలోమీటర్ల సగటు వ్యాసార్ధమున్న గోళం మీద లెక్కిస్తే వచ్చే తేడా సుమారు అర శాతమే. ఆన్‌లైన్ పటాల్లో ఎక్కువగా వాడే ప్రక్షేపం, అంటే భూతలాన్ని చదును పటంగా మార్చే పద్ధతి, కూడా భూమిని 63,78,137 మీటర్ల వ్యాసార్ధమున్న గోళంగానే తీసుకుంటుంది. గోళతలాన్ని ఎక్కడా సాగదీయకుండా, ముడతలు పడకుండా కాగితం మీద పరచడం అసాధ్యమన్న సంగతి 1827లో గాస్ చూపిన సిద్ధాంతం నుంచి తేలింది. పటాల పనిలో ఎక్కడా భూగర్భం ప్రసక్తే రాదు. అందువల్ల ‘భూగోళ పటం’ అన్నప్పుడు గోళం అంటే పృష్ఠమే.

ఖగోళం ఇంకా విచిత్రమైనది, ఎందుకంటే అక్కడ తలం కూడా నిజంగా లేదు. నక్షత్రాలు ఒక్కొక్కటి ఒక్కో దూరంలో ఉన్నాయని తెలిసి కూడా, వాటన్నిటినీ మన చుట్టూ ఉన్న ఒకే ఊహాగోళం మీద అతికించినట్టు భావించి, దిక్కును రెండు కోణాలతో గుర్తిస్తాం. ఆ గోళానికి వ్యాసార్ధం ఇంత అని ఎవరూ చెప్పరు, చెప్పవలసిన అవసరమూ లేదు. నిండు గోళం అనే భావానికి ఇంతకన్నా దూరమైన నమూనా నాకు కనిపించలేదు, అయినా రెంటికీ మన పేరు గోళమే.

లోపలి నిండుదనమే ముఖ్యమైన సందర్భాలు కూడా తక్కువేమీ కాదు. ఒకే బరువు, ఒకే వ్యాసం ఉన్న రెండు గోళాలను, ఒకటి నిండుది, ఒకటి పలుచని గుల్ల, వాలుబల్ల మీద జారకుండా దొర్లేటట్టు ఒకేసారి వదిలితే నిండుదే ముందు కిందికి చేరుతుంది. రెండవది పది క్షణాలు తీసుకుంటే మొదటిది సుమారు 9.2 క్షణాలు తీసుకుంటుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, త్రాసు మీద కూడా ఒకేలా తూగుతాయి, దొర్లించినప్పుడే తేడా తెలుస్తుంది. ద్రవ్యరాశినీ వ్యాసార్ధ వర్గాన్నీ గుణించిన దానిలో జడత్వ భ్రామకం (తిప్పబోతే వస్తువు చూపే ఎదురు) నిండు గోళానికి 2/5 వంతు, పలుచని గుల్లకు 2/3 వంతు కావడమే అందుకు కారణం. భూమికి ఈ నిష్పత్తి 0.33 మాత్రమే ఉంటుంది, అంటే 0.4 కంటే తక్కువ. దాన్ని బట్టి భూమి ఒకే సాంద్రతతో నిండిన గుండు కాదనీ, బరువైన పదార్థం కేంద్రం వైపు చేరి ఉన్నదనీ తెలుస్తుంది.

రెండూ ఒకే నమూనాలో కలిసే చోట్లను చూస్తే మాటల అవసరం మరింత తెలుస్తుంది. 1810లో జర్మన్ చిత్రకారుడు రూంగె ప్రకటించిన రంగుల గోళంలో స్వచ్ఛమైన రంగులు పైతలం మీద ఉంటాయి, లోపలికి పోయే కొద్దీ అవి మసకబారి కేంద్రంలో బూడిదరంగు అవుతాయి. క్వాంటం భౌతికంలో క్యూబిట్‌ను, అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు కనీస ప్రమాణాన్ని, చూపే బ్లోఖ్ (Bloch) గోళం కూడా అదే పద్ధతిది: పూర్తిగా నిర్ధారితమైన శుద్ధ స్థితులు పైతలం మీద, అలాంటి పలు స్థితులు సంభావ్యతలతో కలిసిన మిశ్రమ స్థితులు గర్భంలో. ఇక్కడ ‘గోళం మీది బిందువు’ అనడానికీ ‘గోళంలోని బిందువు’ అనడానికీ ఉన్న తేడా విభక్తి ప్రత్యయంలోనే ఉంది. దాన్ని అలవాటుగా మార్చి రాస్తే శాస్త్రమే తప్పుతుంది.

ఈ చర్చలో ముందు రాసిన మిత్రులు లోపలంతా నిండిన దానికి ‘ఘనగోళం’ అన్న పాఠ్యపుస్తక పదం చాలునన్నారు. ఆ మాటను గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతాను. ‘ఘన’ అంటే ద్రవం కానిది అనీ అర్థముంది, సమఘనం అనే ఆకారాన్నీ ఘనపరిమాణాన్నీ కూడా అది గుర్తు చేస్తుంది. సూర్యుడు లోపలంతా నిండిన గోళమే, కాని ఘనపదార్థం కాదు. నీటిబొట్టు కూడా అంతే. అందుకే నేను ‘నిండు గోళం’ అంటాను, మందం లేని పైతలానికి ‘గోళతలం’ లేదా ‘గోళపృష్ఠం’ అంటాను, మందం ఉన్న గుల్లకు ‘బోలు గోళం’ అంటాను. తేడా అక్కరలేని చోట ఒట్టి ‘గోళం’ హాయిగా ఉండవచ్చు.

ఒక చోట మాత్రం నాకు ఇంకా తగిన పదం దొరకలేదు. మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను తల పైనుంచి కొలిచేటప్పుడు, లెక్క కోసం తలను ఒకే కేంద్రం చుట్టూ ఒదిగిన గోళాలుగా భావిస్తారు: లోపల మెదడు, దాని చుట్టూ ద్రవం, ఆపైన పుర్రె, చివర చర్మం. వీటిలో అన్నిటికంటే లోపలిది నిండు గోళం, మిగతావి మందమున్న పొరలు. ఆ పొరలను ‘ఆవరణాలు’ అంటే భూమి గుర్తొస్తుంది, ‘పెంకులు’ అంటే గట్టిదనం తోస్తుంది, ‘గుల్లలు’ అంటే లోపల ఖాళీ అనిపిస్తుంది. ద్రవమైనా చర్మమైనా ఇబ్బంది లేకుండా ఒదిగే మాట మీకెవరికైనా తోస్తే, అది వాక్యంలో ఎలా నడుస్తుందో కూడా చూపుతూ రాయగలరు.

నా పాత వాక్యాన్ని ఇలా దిద్దుకున్నాను: ‘అంతటా ఒకే తీరుగా ఉన్న బోలు గోళం తన లోపల ఉన్న వస్తువును ఏ వైపుకూ ఆకర్షించదు, నిండు గోళంలో మాత్రం ఆకర్షణ కేంద్రం వద్ద తప్ప సున్నా కాదు.’