నడకతో బీపీ దిగింది, మరి మాత్ర మానేయొచ్చా?

శ్రీకాకుళం కుర్రాడు:
మా నాన్నగారికి 61 ఏళ్లు, రిటైరైన టీచరు. బీపీకి రెండు మాత్రలు వాడుతున్నారు. పొద్దున్న టెల్మిసార్టాన్ 40, రాత్రి ఆమ్లోడిపిన్ 5. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో రోజూ ముప్పావుగంట నడుస్తున్నారు. ఆరు కేజీలు తగ్గారు. మొన్న నడక అయ్యాక మెడికల్ షాపులో చూపించుకుంటే 118/76 వచ్చింది. ఇంక వాకింగ్ బ్యాచ్ అంతా ఒకటే మాట: "మేష్టారూ, మీకు బీపీ పోయింది, ఇంకా మాత్రలెందుకు? ఒంటికి అలవాటైపోతాయి, కిడ్నీలు పాడవుతాయి." నాన్నగారు ఆ మాటే పట్టుకు కూర్చున్నారు. అమ్మా నేనూ వద్దంటున్నాం. కానీ మా దగ్గర భయం తప్ప గట్టి కారణం లేదు. వ్యాయామం మాత్రకి బదులవుతుందా, అవదా? తెలిసినవాళ్లు చెప్పండి.

అయ్యకోనేరు గట్టు:
అవుతుందనే నా నమ్మకం. మాది విజయనగరం. నాకు 47వ ఏట 146/94 ఉందని ఒక మాత్ర రాశారు. రాసిన క్లినిక్కులో నడవమని గాని, ఉప్పు తగ్గించమని గాని ఒక్క ముక్క చెప్పలేదు. రెండు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టి పంపేశారు. తర్వాత నా అంతట నేనే అయ్యకోనేరు చుట్టూ నడక మొదలెట్టాను. రాత్రి అన్నం మానేసి చోడి రొట్టెలు, పచ్చళ్లు పండక్కే. తొమ్మిది కేజీలు దిగాక వేరే డాక్టరుగారు మాత్ర సగం చేశారు, ఆ తర్వాత తీసేశారు. ఇప్పటికీ 124 దాటదు. బీపీ వచ్చిందంటే జన్మంతా మాత్రలే అని జనాన్ని బెదరగొట్టడం అన్యాయం.

మందస సిస్టర్:
నేను మందస మండలంలో విలేజ్ క్లినిక్కులో పనిచేస్తాను. తమ్ముడూ, ముందు రెండు సంగతులు చెప్పు. మాత్రలు మొదలెట్టకముందు నాన్నగారి బీపీ ఎంత? ఆ 118 చూసినప్పుడు ఆయన నడక ఆపి ఎంతసేపయింది?

శ్రీకాకుళం కుర్రాడు:
పాత చీటీ వెతికి చూశాను అక్కా. 168/100. నడక ఆపి, పక్కన టీ తాగి, అట్నుంచటే షాపుకి వెళ్లారట.

మందస సిస్టర్:
అయితే ఆ 118ని ఆధారం చేసుకోవద్దు. నడక ఆపాక కూడా రక్తనాళాలు కొంతసేపు సడలి ఉంటాయి. దాంతో బీపీ మామూలు కంటే కిందకి దిగి కొన్ని గంటలు అలాగే ఉంటుంది. ఒంటికి అది మంచిదే, కానీ రోజంతా ఉండే బీపీ అది కాదు. చూడాల్సిన పద్ధతి ఇది. టీ, కాఫీ, చుట్ట, ఏదైనా అయి అరగంట దాటాలి, నడక అయితే ఇంకా ఎక్కువసేపు. మూత్రానికి వెళ్లిరావాలి. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. ఇంట్లో ఇలా వారం రోజులు చూసిన సగటు 135/85 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టు.

ఇంకో సంగతి వాకింగ్ బ్యాచ్‌కి ఎవరూ చెప్పి ఉండరు. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు. అందుకని ఆపిన మర్నాడూ, మూడోనాడూ చూసుకుని "మాత్ర లేకపోయినా నార్మలే" అనుకుంటారు. అప్పటికీ పనిచేస్తున్నది పాత మాత్రే. అసలు బీపీ పైకి తేలేసరికి వారమో రెండు వారాలో పడుతుంది, ఈలోగా చూపించుకోవడమే మానేస్తారు.

జీడిపిక్కలు కొట్టే పనికెళ్లే ఒకావిడ మా దగ్గరకి వచ్చేది. వరసగా రెండుసార్లు నార్మల్ వచ్చేసరికి మాత్రలు ఆపేసింది. కొన్నాళ్లకి తలదిమ్ముగా ఉందని వచ్చి, సంచిలోంచి స్ట్రిప్పు తీసి బల్లమీద పెట్టింది. పదింటిలో ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి, రేకుమీద పసుపు మరకలు. బీపీ చూస్తే 190/112. "ఒంట్లో ఏ బాధా లేదు కదమ్మా, అందుకే ఆపీసినాను" అంది. బాధ తెలియకపోవడమే ఈ జబ్బుతో వచ్చిన చిక్కు. ఆవిడ టైముకి వచ్చింది. పక్షవాతం వచ్చాక ఆటోలో పడుకోబెట్టి తెచ్చినవాళ్లనీ చూశాను.

మాత్రలతో కిడ్నీలు పాడవుతాయన్న మాట దయచేసి ఎవరూ అనకండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఆ మాట వింటే చాలు, జనం మాత్రలు అవతల పారేస్తారు. కిడ్నీల్ని దెబ్బతీసేది అదుపులేని బీపీ. టెల్మిసార్టాన్ జాతి మందులు మూత్రంలో ప్రోటీను పోవడాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవాళ్లు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం అప్పుడప్పుడూ చూపించుకోవాలి.

కవిటి కొబ్బరితోట:
సిస్టరమ్మా, నాకో సందేహం. మా అయ్య బుద్ధెరిగిన కాణ్నుంచీ కొబ్బరికాయలు ఒలిసే పనే. పొద్దున్న ఎల్తే సందేళ దాకా గునపం కాడే నిలబడతాడు. టౌనోళ్లు ముప్పావుగంట నడిస్తే కారే సెమట మా అయ్యకి పొద్దస్తమానం కారతాది. ఒంట్లో కొవ్వన్నదే నేదు. అలాటోడికి 156/98 ఏటి? కట్టపడి పని సేసేవోడికి బీపీ రాదని మా ఊళ్లో అందరూ అంతారు. ఒళ్లు కదపడమే మందయితే మా అయ్యకి ఇది రాకూడదు గదా?

అయ్యకోనేరు గట్టు:
ఇది నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

బొబ్బిలి లెక్కల మాస్టారు:
ఈ ప్రశ్నమీద ప్రపంచంలో చాలా తర్జనభర్జన జరుగుతోంది. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ చుట్టుపక్కల లక్ష మందికి పైగా జనాన్ని కొన్నేళ్లపాటు గమనించి 2021లో ఫలితాలు ప్రచురించారు. తీరిక వేళల్లో ఎక్కువ ఒళ్లు వంచేవాళ్లలో గుండెజబ్బులూ చావులూ తక్కువ. ఉద్యోగంలో ఎక్కువ ఒళ్లు వంచాల్సి వచ్చేవాళ్లలో అవే ఎక్కువ. పొగతాగడం, చదువు, ఆదాయం లాంటి తేడాల్ని లెక్కలోంచి తీసేసినా ఆ తీరు మారలేదు. పేదరికం తాలూకు ప్రభావం పూర్తిగా పోదని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో బలముంది. అయినా శరీరం వైపు నుంచి చెప్పే కారణం కూడా సబబుగానే ఉంది. నడకలో గుండె కాసేపు జోరుగా కొట్టుకుంటుంది, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. కూలిపనిలో ఎనిమిది గంటలు నిలబడాలి, వంగాలి, బరువులెత్తాలి. గుండె వేగం, బీపీ రోజంతా కాస్త పైనే ఉంటాయి. కోలుకోవడానికి వ్యవధి ఉండదు, ఎప్పుడు ఆపాలో కూడా మనిషి చేతిలో ఉండదు.

మందస సిస్టర్:
మాస్టారు చెప్పినదానికి మా వైపు సంగతులు రెండు కలుపుతాను. ఒకటి ఉప్పు. రోజుకి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన ఇళ్లలో ఉప్పుచేప, ఆవకాయ, అంబలిలో వేసే ఉప్పు కలిపితే మధ్యాహ్నానికే ఆ చెంచాడు అయిపోతుంది. రెండోది నొప్పి బిళ్లలు. నడుంనొప్పికి రోజూ కొట్లో కొనుక్కుని వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, కిడ్నీలకీ మంచివి కావు. తమ్ముడూ, మీ అయ్య వేసుకుంటారా?

ఏదెలా ఉన్నా ఆయనకి క్రియాటినిన్ పరీక్ష చేయించు. కిడ్నీ దెబ్బతిన్నా బీపీ పెరుగుతుంది. ఉద్దానం జబ్బులో చాలామందికి మొదట్లో షుగరు గాని బీపీ గాని ఉండదు, అందుకే ఆలస్యంగా తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అక్కడ చూపించండి. ఇంకో మాట. బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లు అమ్ముతారు. వాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగాలేనివాళ్లూ, టెల్మిసార్టాన్ వాడేవాళ్లూ డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి పోవద్దు.

అయ్యకోనేరు గట్టు:
కూలిపని వేరు, వ్యాయామం వేరు అన్నది ఒప్పుకుంటున్నాను. అప్పుడు నా మాటకి బలం పెరిగినట్టే కదా? సరైన వ్యాయామం చేస్తే మాత్రతో సమానమని 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. 391 పరీక్షల ఫలితాలు కలిపి చూశారు. బీపీ ఉన్నవాళ్లలో వ్యాయామం వల్ల పై అంకె దాదాపు 9 పాయింట్లు దిగింది, మందులంత పనీ చేసింది.

బొబ్బిలి లెక్కల మాస్టారు:
ఆ పరిశోధన నేనూ చదివాను. అందులో వ్యాయామాన్నీ మందునీ ఎదురెదురుగా పెట్టి పోల్చిన పరీక్ష ఒక్కటీ లేదు. విడివిడిగా జరిగినవాటిని గణితంతో కలిపారు. ఇది చూసి ఎవరూ మందులు మానొద్దని రాసినవాళ్లే హెచ్చరించారు కూడా.

నడక శక్తిని నేను తక్కువ చేయడం లేదు. అమెరికాలో నడిచేవాళ్లనీ పరిగెత్తేవాళ్లనీ, మొత్తం 48 వేల పైచిలుకు మందిని, ఆరేళ్లపాటు చూసి 2013లో లెక్క తేల్చారు. ఒకే పాటి శక్తి ఖర్చుకి, కొత్తగా బీపీ వచ్చే ప్రమాదం పరుగుతో 4.2 శాతం, నడకతో 7.2 శాతం తగ్గింది. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకి ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది!

కానీ కుర్రాడి నాన్నగారి విషయంలో కూడికలూ తీసివేతలూ చేసి చూడండి. బయల్దేరింది 168 నుంచి. బీపీ ఉన్నవాళ్లలో క్రమం తప్పని నడకకి పై అంకె 5 నుంచి 8 దాకా దిగుతుంది. తగ్గిన ప్రతి కేజీకీ సుమారు 1, అంటే ఇంకో 6. ఉప్పు బాగా తగ్గిస్తే మరో 5, 6. ఇవన్నీ పూర్తిగా కలిసొచ్చాయనుకున్నా 148 దగ్గర ఆగుతుంది, నిజానికి అన్నీ అలా కూడవు కూడా. మిగతాది మాత్రలు పట్టుకుని ఉన్నాయి. గట్టుగారు బయల్దేరింది 146 నుంచి. ఆయనకి నడకా బరువూ చాలాయి. ఒకరికి నిజమైంది ఇంకొకరికి కాకపోవడంలో వింత లేదు. పై అంకె 10 దిగితే పక్షవాతం ప్రమాదం పావువంతుకి పైగా తగ్గుతుందని 2016లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క. కుర్రాడి నాన్నగారు మాత్రలు మానేస్తే పణంగా పెట్టేది అది.

కొండవెలగాడ బరువులు:
మా ఊళ్లో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే. బీపీ ఉన్నవాళ్లు బరువులెత్తకూడదని మా జిమ్ముకొచ్చే పెద్దాయన్ని వాళ్లింట్లో ఆపేశారు. నిజమేనా?

మందస సిస్టర్:
180/110 దాటి ఉంటే వద్దు, ముందు అదుపులోకి రావాలి. అదుపులో ఉన్నవాళ్లు తేలిక బరువులు, ఊపిరి బిగబట్టకుండా చేసుకోవచ్చు. బిగబట్టి ఎత్తితేనే ఆ క్షణంలో బీపీ విపరీతంగా లేస్తుంది.

బొబ్బిలి లెక్కల మాస్టారు:
కదలకుండా చేసేవి ఇంకా బాగా పనిచేస్తాయి. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు రెండేసి నిమిషాలు, మధ్యలో విశ్రాంతితో నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. 270 పరీక్షలు కలిపి 2023లో వేసిన లెక్కలో ఇలాంటివాటికి 8 పాయింట్లు దిగాయి, నడక, పరుగు జాతికి నాలుగున్నర.

శ్రీకాకుళం కుర్రాడు:
నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. 168 నుంచి తీసివేత ఆయనే కాగితంమీద మళ్లీ వేసుకున్నారు. సిస్టర్ చెప్పిన పద్ధతిలో పొద్దున్న మాత్ర వేసుకోకముందూ, సాయంత్రం భోజనానికి ముందూ ఇంట్లో చూస్తున్నాం. 126 నుంచి 132 మధ్య వస్తోంది. ఈ కాగితంతో డాక్టరుగారి దగ్గరకి వెళ్లి, రెండింట్లో ఒకటి తగ్గించే వీలుందా అని అడుగుతాం.

అయ్యకోనేరు గట్టు:
అడగండి, మొహమాటపడకండి. రెండు నిమిషాల్లో పంపించేస్తే ఇంకో డాక్టరు దగ్గరకి వెళ్లండి. డాక్టర్ని అడక్కుండా ఆపొద్దన్నంతవరకూ సిస్టర్‌తో ఏకీభవిస్తాను. అయితే తగ్గించే ప్రయత్నమే చేయని డాక్టర్లు ఎక్కువన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మందస సిస్టర్:
ఆ మాటలో నిజముంది. తగ్గిస్తే ఒకసారి ఒకటే తగ్గిస్తారు, తర్వాత కొన్ని వారాలు ఇంట్లో బీపీ రాసి చూపించమంటారు. నడక ఆగితే దాని ఫలితం కొద్ది వారాల్లోనే పోతుంది కాబట్టి వానాకాలంలో గ్రౌండు బురదైనప్పుడు ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి. ఇది చదివేవాళ్లలో అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ వాడేవాళ్లుంటే మరీ జాగ్రత్త. అవి ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండెదడ ఎగదన్నుతాయి.

కవిటి కొబ్బరితోట:
అమ్మా, మా అయ్య దినాం రెండు నొప్పి బిళ్లలు ఏసుకుంతన్నాడు, అడిగితే ఇప్పుడు సెప్పినాడు. లచ్చివారం పలాస తీసుకెల్తాను. పని మానేయమంటే మాత్రం కుదరదు, కూలి మీదే ఇల్లు నడుస్తాది.

మందస సిస్టర్:
పని మానమని ఎవరూ అనరు తమ్ముడూ. గంటకోసారి నీడకి వచ్చి కూర్చుని నీళ్లు తాగమను. ఆ బిళ్లల కవరు పలాస పట్టుకెళ్లి డాక్టరుకి చూపించు, నొప్పికి వేరేది రాస్తారు. అంబలిలో ఉప్పు ఇంట్లోవాళ్లు ఈ పూట నుంచే తగ్గించవచ్చు. క్రియాటినిన్ ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.