అప్‌డేట్: నాన్న మెడ గడ్డలు, ‘రియాక్టివ్’ అన్నవి లింఫోమా అని తేలింది

మెడలో, చంకల్లో గడ్డలు, సాయంత్రం జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, ఎఫ్‌ఎన్‌ఏసీలో (సన్న సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) చూస్తే రియాక్టివ్ (ఇన్ఫెక్షన్ లాంటి వాటికి వాచినవే, క్యాన్సర్ కాదు) అంటున్నారు, మరి తగ్గవేంటి అని నాన్న గురించి అడిగింది నేనే. అందరికీ థాంక్స్, ముఖ్యంగా మళ్లీ సూది వద్దు, గడ్డ మొత్తం తీయించి బయాప్సీకి పంపండి అన్నవాళ్లకి. అదే పనిచేసింది.

జబ్బు పేరు ఆంజియోఇమ్యునోబ్లాస్టిక్ టీ సెల్ లింఫోమా, అంటే టీ కణాలనే ఒక రకం రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్. ఇందులో క్యాన్సర్ కణాలు తక్కువే ఉండి వాటి చుట్టూ మామూలు రోగనిరోధక కణాలు, సన్న రక్తనాళాలు కమ్ముకుంటాయట, అందుకే సూదికి వచ్చిన కాసిన్ని కణాల్లో ఇన్ఫెక్షన్‌కి వాచిన గడ్డలాగే కనిపిస్తుంది. గడ్డ మొత్తం తీశాక కూడా మొదటి ల్యాబ్ అనుమానం అని మాత్రమే రాసింది. బ్లాకులు (గడ్డ ముక్కలు మైనంలో భద్రపరిచినవి) లింఫోమాలు ఎక్కువగా చూసే పెథాలజిస్టుకి పంపితే ఐహెచ్‌సీలో (కణాల మీది ప్రోటీన్లని రంగుతో గుర్తించే పరీక్ష) ఆ టీ కణాలకి ఈ జబ్బులో కనిపించే సీడీ10, పీడీ1, సీఎక్స్‌సీఎల్13 అనే ప్రోటీన్లు పాజిటివ్, టీసీఆర్ అనే జన్యు టెస్టులో క్లోనల్, అంటే ఆ టీ కణాలు ఒకే కణం నుంచి పుట్టినవి. ఈబీవీ అనే వైరస్ ఉన్న బీ కణాలు (ఇంకో రకం రోగనిరోధక కణాలు) కూడా ఉన్నాయి, వాటిని చూసి హాడ్జ్‌కిన్ అనే వేరే రకం లింఫోమా అని పొరబడొచ్చట.

టీబీ కాదు, సీబీనాట్ (టీబీ క్రిమి కోసం చేసే జన్యు పరీక్ష) నెగటివ్ (మన దగ్గర మెడ గడ్డ అంటే ముందు టీబీయే కదా). గడ్డలు వాచడానికి కారణాలుగా అనుకునే పిల్లి గీరడం, పంటి ఇన్ఫెక్షన్ కూడా దీనికి సంబంధం లేనివి. రక్తంలో గ్లోబులిన్ అనే ప్రోటీన్ ఎక్కువ ఉండటం మాత్రం ఈ జబ్బు వల్లేనట. దద్దుర్లకి స్టెరాయిడ్ బయాప్సీ అయ్యేదాకా ఆపమన్నారు, ముందే వాడితే రిపోర్టు తేలడం కష్టం.

చోప్ (నాలుగు మందులు కలిపి ఇచ్చేది) కీమో మొదలైంది, జ్వరం తగ్గింది.