ఆదాయం అంటే వచ్చిందా, మిగిలిందా?

మొన్న తెలుగు మాటల గురించి మాట్లాడుకునే మన ఈ గ్రూపులో ఒకరు "రాబడికీ ఆదాయానికీ తేడా ఉందా?" అని అడిగారు. నిఘంటువు తెరిస్తే ఒకదానికి రెండోదాన్నే అర్థంగా ఇస్తుంది. నేను నెల్లూరులో పన్ను రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. మా బల్ల దగ్గర ఈ తేడా వేల రూపాయల్లో ఉంటుంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

జీతగాళ్లతో ఈ గొడవ లేదు. ఏడాది జీతం, పట్టుకున్న పన్ను లెక్క రాసి కంపెనీ ఇచ్చే ఫారం 16లో ఏముంటే అదే. చిక్కంతా సొంతంగా చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లతోనే: ఇంట్లో మగ్గం వర్కు చేసే ఆవిడ, పెళ్లిళ్ల సీజన్‌లో ఫోటోలు తీసే కుర్రాడు, ఏసీలు బాగుచేసే అతను, వరికోత మిషన్‌ను అద్దెకు తిప్పే రైతు. (పొలం మీద వచ్చిన పంట డబ్బుకు ఆదాయపు పన్ను లేదు. ఊరివాళ్ల పొలాల్లో మిషన్ తిప్పి తీసుకున్న అద్దె మాత్రం వ్యవసాయ ఆదాయం కాదు. రొయ్యల చెరువు కూడా అంతే. ఈ మాట చెప్పినప్పుడు మా వైపు మొహాలు చూడాలి మీరు.) "మీ ఆదాయం ఎంతండీ?" అని అడిగితే ఒకాయన ఫోన్‌పేలో పడిందంతా చెప్తాడు. ఇంకొకాయన ఖర్చులు పోను మిగిలింది చెప్తాడు. మూడో ఆయన "ఏముండాది సార్, ఏదో ఇల్లు గడస్తుండాది" అంటాడు. ముగ్గురూ అబద్ధం ఆడలేదు. ఎవరికి తట్టిన అర్థం వాళ్లు చెప్పారు.

ఈ గందరగోళానికి సగం కారణం ఉగాది పంచాంగం అని నా అనుమానం. మీ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని చదువుతారు కదా. ఏ ఏడాది చూసినా ఆ అంకెలు 2, 5, 8, 11, 14 మధ్యే తిరుగుతుంటాయి. అక్కడ ఆదాయం అంటే ఖర్చు తియ్యకముందు వచ్చిన మొత్తం. వ్యయం పక్క గడిలో విడిగా ఉంటుంది. తీసేస్తే ఎంత మిగిలిందో సిద్ధాంతి గారు చెప్పరు, ఆ బాధ మనకే వదిలేస్తారు. మన చెవిలో చిన్నప్పటి నుంచీ నాటుకున్న అర్థం ఇది. పన్ను చట్టంలో మాత్రం వ్యాపారం మీద, వృత్తి మీద ఆదాయం అంటే ఆ పని కోసం పెట్టిన ఖర్చులు పోను మిగిలిన లాభం. చట్టం పేరులో ఉన్నదీ, పంచాంగంలో ఉన్నదీ ఒకే మాట. అర్థం మాత్రం అక్కడ మొత్తం, ఇక్కడ మిగులు.

తేడా చూపించే మాటలు మన వాడుకలో లేవా అంటే నిక్షేపంలా ఉన్నాయి. కొట్టువాళ్లు "ఈ రోజు బేరం ఎంత?" అంటే అమ్మకం మొత్తం. "ఏమన్నా మిగిలిందా?" అంటే లాభం. "గిట్టుబాటయిందా?" అంటే పెట్టిన డబ్బుతోపాటు పడ్డ చాకిరీని కూడా కలిపి తూచడం. చట్టం మన చాకిరీకి విలువ కట్టదు, అది వేరే సంగతి. నేనైతే ఆఫీసులో ఆదాయం అనే మాటతో అడగడం మానేశాను. "ఏడాదిలో ఎంత వచ్చింది? పనికి ఎంత పెట్టారు?" అని రెండు ముక్కలుగా అడుగుతాను.

ఇక ఆ 'పెట్టారు' దగ్గర రెండో చిక్కు. ఖర్చు మనకు పారసీ దారిన వచ్చింది, జమ కూడా అలా వచ్చిందే. సంస్కృత 'వ్యయం' మన నోట్లో నలిగి 'వెచ్చం' అయింది. వెచ్చించడం అందులోంచే. బహువచనం చేసి 'వెచ్చాలు' అన్నామో, ఉప్పూ పప్పూ చింతపండూ అయిపోయింది. పన్ను లెక్కలో సరిగ్గా ఈ వెచ్చాలే చెల్లవు. పని కోసమే పెట్టిన ఖర్చు తీసుకుంటారు, ఇంటి ఖర్చు తీసుకోరు.

మగ్గం వర్కు చేసే ఒకావిడ తెచ్చిన నోటుబుక్కు చెప్తాను. పేజీకి నిలువుగా గీత కొట్టి ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు అని రాసుకుంది. ఖర్చు కింద వరసగా: జర్దోసీ 900, పాలాయన 1,350, కుందన్లు పూసలు 640, పిల్లోడి వ్యాను 1,200, సాయానికి వచ్చే అమ్మాయికి 3,000, కరెంటు 1,180. దారాలూ కుందన్లూ సాయం చేసే అమ్మాయి కూలీ నిస్సందేహంగా పని ఖర్చు. పాలు, వ్యాను ఇంటివి. కరెంటు బిల్లు మొత్తం రాయకూడదు, మగ్గం ఉన్న గది వాడకానికి న్యాయంగా ఎంత వస్తుందో అంతే. "అన్నీ నా కష్టంలోంచి పోయినవే కదన్నా" అంది. నిజమే. కానీ ఒక గీత సరిపోదమ్మా, ఖర్చు వైపు ఇంకో గీత కొట్టు అని చెప్పాను.

ఇంత లెక్క రాయలేనివాళ్లకు సర్కారు ఒక అడ్డదారి పెట్టింది. 2025-26 సంపాదన దాకా వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ సెక్షన్. ఏడాది బేరం 2 కోట్ల లోపుంటే అందులో 8 శాతం, బ్యాంకు ద్వారానో ఫోన్‌పేలాంటి వాటి ద్వారానో వచ్చిన డబ్బు మీద 6 శాతం లాభం వచ్చినట్టు చూపిస్తే ఒప్పుకుంటారు. ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపొచ్చు. ఖర్చులు అందులోనే కలిసిపోయినట్టు లెక్క, మళ్లీ విడిగా తియ్యడానికి లేదు. డాక్టర్లు, లాయర్లలాంటి వృత్తులవాళ్లకు వేరే సెక్షన్, అక్కడ 50 శాతం. కమీషన్ మీద పనిచేసే ఏజెంట్లకు ఈ 44ఏడీ వర్తించదు. ఇంగ్లీషులో 'ప్రిజంప్టివ్ ఇన్‌కమ్' అనే ఈ పద్ధతికి కొందరు 'ఊహాజనిత ఆదాయం' అని తెలుగు చేస్తున్నారు. లేని డబ్బుకు పన్ను కడుతున్నట్టు ఉంది అది వింటే. 'అంచనా లాభం' అంటే చాలదూ?

వ్యాఖ్య (ఒంగోలు సభ్యురాలు): బాగా రాశారండీ. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సంపాదించేదాన్ని ఏమనాలి? 'పై సంపాదన' అందామంటే లంచం అనుకుంటారు!

జవాబు: అదే తంటా అండీ. పై సంపాదన, పైరాబడి, పై డబ్బులు మూడూ బల్ల కిందకే పోతాయి. 'స్వయం ఉపాధి' అంటే కార్పొరేషన్ లోను గుర్తొస్తుంది. మా దగ్గరికొచ్చేవాళ్లు "సొంతంగా చేసుకుంటుండా" అంటారు. నాకదే నచ్చింది.

వ్యాఖ్య (పొదిలి సభ్యుడు): అన్నా, కుట్టుమిషన్‌కి ఏటా విలువ తగ్గించి రాస్తారు కదా, దాన్ని 'తరుగు' అనొచ్చా? మాకు తరుగు అంటే బంగారం కొట్టువాడు వేసేది, ధాన్యం కాటా దగ్గర కోసేది. రెండూ ఏడిపించేవే.

జవాబు: అందుకేనేమో లెక్కల పుస్తకాల్లో 'తరుగుదల' అని తోక తగిలించారు. ఈ తరుగుదల మాత్రం మన వైపే పనిచేస్తుంది తమ్ముడూ. మిషన్లకు మామూలుగా ఏటా 15 శాతం, కంప్యూటర్లకు 40 శాతం ఖర్చుగా రాసుకోవచ్చు. పైన చెప్పిన అంచనా లాభం దారిలో వెళ్తే అది కూడా అందులోనే కలిసిపోయినట్టు.

వ్యాఖ్య (కావలి సభ్యుడు): నేను ప్రైవేటు ఉద్యోగిని. ఆదివారాలు ఫంక్షన్లకు డెకరేషన్ చేస్తాను. అన్నీ కలిపినా 12 లక్షలు దాటదు, పన్ను లేదుగా. మరి రిటర్ను దేనికి?

జవాబు: 2025-26లో సంపాదించినదానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను సున్నా అవుతుంది. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను మాత్రం వెయ్యాల్సిందే. ఫంక్షన్ ఇచ్చిన కంపెనీ టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా కోసే పన్ను) పట్టుకుని ఉంటే అది వెనక్కి వచ్చే దారి కూడా రిటర్నే. ఒక జాగ్రత్త అండీ: జీతగాడినే కదా అని ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం వెయ్యకండి. దాని పేరు 'సహజ్', డెకరేషన్ డబ్బు అందులో పట్టదు. అంచనా లాభం చూపేవాళ్లది ఐటీఆర్-4, పేరు 'సుగమ్'. జీతం కూడా అందులోనే చూపొచ్చు. సుగమం అంటే సులువుగా నడవగలిగే దారి. పేరు పెట్టినవాళ్లు ఆ ఫారం ఎప్పుడైనా నింపారో లేదో.

వ్యాఖ్య (ఒంగోలు సభ్యురాలు): 'మదింపు సంవత్సరం' సంగతి కూడా చెప్పండి. నాకెప్పుడూ తికమకే.

జవాబు: 2025-26లో సంపాదించినదాన్ని 2026-27 మదింపు సంవత్సరం కింద రాయాలి. ఒక ఏడాది సొమ్ముకు ఇంకో ఏడాది పేరు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో ఆ మాట తీసేసి, సంపాదించిన ఏడాదినే 'ట్యాక్స్ ఇయర్' అన్నారు. దీన్ని 'కర సంవత్సరం' అని రాసేవాళ్లుంటారు. వద్దండీ, 'పన్ను సంవత్సరం' అనే రాద్దాం. పన్ను కట్టేవాళ్లే గానీ కరం కట్టేవాళ్లు మా ఆఫీసుకు ఎవరూ రారు.