ఏడాది పిల్లని చూసుకునే ఖర్చులో ప్రభుత్వం వాటా పెట్టాలా?

నిజాంపేట అమ్మ
మా పాపకి 14 నెలలు. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. చేతికి 42,000 వస్తుంది. డేకేర్‌కి 11,000. సాయంత్రం 7 దాటితే గంటకి 150 అదనం, నెలలో ఎనిమిది తొమ్మిది సార్లు అది తప్పదు. పాపకి జ్వరం వస్తే ఆ రోజు డేకేర్ వాళ్ళు తీసుకోరు, నాకు లాస్ ఆఫ్ పే.

చట్టం ప్రకారం 26 వారాల సెలవు దొరికింది. అంటే పాప పాకడం కూడా రాకముందే నేను తిరిగి డ్యూటీకి వెళ్ళాలి. ఆంధ్రాలో బడికి వెళ్ళే పిల్లకి తల్లికి వందనం కింద ఏడాదికి 15,000 ఇస్తున్నారు, అందులో 2,000 బడి నిర్వహణకు పోయినా మిగతాది తల్లికి వస్తుంది. అదీ ఒకటో తరగతి నుంచే. ఇక్కడ తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మంచిదే. బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళగలను, పాపని ఎవరి చేతిలో పెట్టి ఎక్కాలి? ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లల బాధ్యత ఎవరిదో నాకు తెలిసిన పథకాల్లో కనపడలేదు. డేకేర్ ఖర్చులో సగం ప్రభుత్వం పెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సూటిగా
ఉచితాలు ఇప్పటికే చాలా అయ్యాయి. ఇంకొకటి వద్దు.

కృష్ణాతీరం
అమ్మా, మీ కష్టం అర్థమవుతోంది. కానీ 42,000 సంపాదించే ఇంటికి సబ్సిడీ ఏమిటి? పైగా మీ ఆయన జీతం వేరే ఉంటుంది కదా. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అగ్గిపెట్టె కొన్నప్పుడు కూడా పన్ను కట్టే కూలీ దగ్గర నుంచే. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. కోరికలు తగ్గించుకుని పిల్లల్ని పెంచుకున్నాం. ఊళ్ళో అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. పిల్లల్ని కనే ముందే ఎవరు చూస్తారో ఆలోచించుకోవాలి.

మిర్చి షెడ్డు
నేను గుంటూరు దగ్గర ప్యాకింగ్ యూనిట్ నడుపుతాను. 46 మంది పనివాళ్ళు. ఈ చర్చలో మాలాంటి వాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. 50 మంది ఆడవాళ్ళు దాటితే పని దగ్గరే చంటిపిల్లల్ని చూసే క్రెష్ పెట్టాలి, గది ఇవ్వాలి, ఆయాని పెట్టాలి. ప్రసవానికి వెళ్తే 26 వారాల జీతం మేమే ఇవ్వాలి. అందుకే నేను 50 దాటనివ్వను. కొత్తగా తీసుకునేటప్పుడు మగవాళ్ళనే చూస్తాను, దాచుకోవడం ఎందుకు. ప్రభుత్వం ఈ బరువు మా నెత్తిన పెట్టి ఊరుకుంది.

నిజాంపేట అమ్మ
మిర్చి షెడ్డు గారూ, నా పనే ఇది కాబట్టి చెప్తున్నాను. మీరన్న రెండూ తప్పే. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది ఉద్యోగులు అన్నారు, 50 మంది ఆడవాళ్ళు అనలేదు. మగవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. ఆడవాళ్ళ సంఖ్య చూసింది పాత ఫ్యాక్టరీల చట్టం, అక్కడ 30 మంది దాటితే క్రెష్ ఉండాల్సి ఉండేది. మీరు ఆడవాళ్ళని తీసుకోకపోయినా మొత్తం 50 అయితే క్రెష్ పెట్టాల్సిందే.

ఇక 26 వారాల జీతం. మీ దగ్గర నెలకి 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా కిందికి వస్తారు. ముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజులకి చందా కట్టి ఉంటే ఆ జీతం ఈఎస్ఐ ఇస్తుంది, మీరు కాదు. మీ ప్యాకింగ్ యూనిట్‌లో 21,000 దాటిన ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

మిర్చి షెడ్డు
ఒకరు. అకౌంట్స్ చూసే అమ్మాయి. ఆమెకి పోయినేడాది మేమే ఇచ్చాం.

నిజాంపేట అమ్మ
అంటే ఒక్కరికి ఇచ్చి, మిగతా ఆడవాళ్ళందరికీ తలుపు మూశారు.

మిర్చి షెడ్డు
మేడమ్, మీరు ఆఫీసులో కూర్చుని సెక్షన్లు చెప్తున్నారు. నా షెడ్డులో మిరపకాయ ఘాటు ఎలా ఉంటుందో తెలుసా? పెద్దవాళ్ళే ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. అక్కడ చంటిపిల్లల గది ఎక్కడ పెట్టాలి? 50 అంటే ఆడవాళ్ళా అందరూనా అన్నది నాకు ముఖ్యం కాదు. పెట్టడానికి చోటు లేదన్నదే నా బాధ. కొనుక్కునే పార్టీ ధర తగ్గించమంటాడు, చట్టం ఖర్చు పెంచమంటుంది.

సూటిగా
చట్టం చదవకుండా మగవాళ్ళనే తీసుకుంటున్నానని చెప్పడం తప్పండి.

బ్రాంప్టన్ నుంచి
కెనడా సంగతి చెప్తాను, అక్కడేదో స్వర్గం ఉందని కాదు. కెబెక్ రాష్ట్రంలో 1997లోనే రోజుకి 5 డాలర్ల డేకేర్ మొదలుపెట్టారు. 2021 బడ్జెట్‌లో కేంద్రం 5 ఏళ్ళకి 30 బిలియన్ డాలర్లు పెట్టి, దేశమంతా సగటున రోజుకి 10 డాలర్లకి తెస్తామంది. మా ఒంటారియోలో 2025 జనవరి నుంచి పథకంలో చేరిన సెంటర్లలో రోజుకి 22 డాలర్లు దాటకూడదు. ఇంతకుముందు కట్టినదానితో పోలిస్తే మాకు పెద్ద ఊరట.

కానీ సీటు దొరకాలి కదా. మా ఆవిడకి ఐదో నెల ఉండగానే నాలుగు సెంటర్లలో పేరు రాయించాం. బాబుకి 19 నెలలు నిండాక ఒకచోట పిలిచారు. ఫీజు తగ్గించగానే అందరూ వస్తారు, గదులూ టీచర్లూ అంత త్వరగా పెరగరు. ఆ మధ్యకాలం అంతా మా అమ్మ, తల్లిదండ్రులకి ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చి చూసుకుంది. కెబెక్‌లో తల్లుల ఉద్యోగాలు బాగా పెరిగాయి. అదే సమయంలో కొందరు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే పిల్లల్లో ఆందోళన, దూకుడు కూడా పెరిగినట్టు తేలింది. డబ్బు పెట్టాలి, కానీ తక్కువ డబ్బుతో ఎక్కువ మందిని కుక్కితే పిల్లలే నష్టపోతారు.

కృష్ణాతీరం
చూశారా, కెనడా లాంటి దేశంలోనే పిల్లలు దెబ్బతిన్నారు. నేను చెప్పేది అదే. నెలకి 8,000 ఇచ్చి పెట్టుకున్న ఆయా పదిమంది పిల్లల్ని చూస్తే ఎవరికి జ్వరమో, ఎవరు ఆకలితో ఏడుస్తున్నారో ఆమెకి ఎలా తెలుస్తుంది? తల్లి ఒళ్ళో పెరగాల్సిన వయసు. ప్రభుత్వం డబ్బిచ్చి మరీ ఆ ఒడి నుంచి లాగకూడదు.

బ్రాంప్టన్ నుంచి
నేను అలా అనలేదు సార్. డబ్బు పెట్టాలనే అన్నాను.

అంగన్‌వాడీ టీచర్
నేను ప్రకాశం జిల్లాలో పనిచేస్తాను. మూడేళ్ళలోపు పిల్లల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. వాళ్ళ పేర్లు మా రిజిస్టర్‌లో ఉంటాయి, పిల్లలు మాత్రం సెంటర్లో ఉండరు. 7 నెలల నుంచి మూడేళ్ళ దాకా బాలామృతం (పౌష్టికాహార పొడి) ప్యాకెట్ ఇంటికి ఇస్తాం, బరువు చూస్తాం. మా దగ్గర కూర్చునేది మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళు. తల్లులు మిరపకాయ కోతకి పొద్దున్నే ఆరు గంటలకి ఆటో ఎక్కుతారు, మేం తలుపు తీసేది తొమ్మిదికి. ఆ మూడు గంటలూ ఎనిమిదేళ్ళ అక్క చంటిదాన్ని ఎత్తుకుని అరుగు మీద కూర్చుంటుంది. తర్వాత దాన్ని ఎవరికీ అప్పగించలేక బడికి పోదు. మా రిజిస్టర్‌లో రాసుకోని పిల్ల ఆ అక్క.

కేంద్రం ‘పాల్నా’ అని ఒక పథకం తెచ్చింది, అంగన్‌వాడీలోనే క్రెష్. నాకు నచ్చింది. అయితే మాకు వచ్చేది 11,500. జీతం పెంచమని 2023 డిసెంబర్‌లో సమ్మెకి కూర్చుంటే 42 రోజులు రోడ్డు మీద ఉన్నాం, మా మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని ఆపే చట్టం పెట్టారు. పిల్లల్ని చూసుకోవడం అంత అత్యవసర సేవ అయితే అంత జీతం ఎందుకు ఉండదని అప్పుడే అడిగాం.

కామారెడ్డి
మా అమ్మ బీడీలు చుట్టేది. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, చాట మోకాళ్ళ మీద పెట్టుకుని చుట్టేదట. కృష్ణాతీరం సార్, నేను తల్లి ఒళ్ళోనే పెరిగాను, పొగాకు దుమ్ములో. అమ్మ ఇంట్లోనే ఉండేది కాబట్టి ఆమెది ఉద్యోగమని ఎవరూ అనలేదు. ‘ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి సబ్సిడీ’ అంటే మా అమ్మకి వచ్చేదా? డేకేర్ రసీదు చూపిస్తేనే డబ్బు అంటే మా వాడలో ఒక్కరికీ రాదు అక్కా.

నిజాంపేట అమ్మ
నిజమే, నేను నా ఆఫీసు దాకానే ఆలోచించాను. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని దగ్గరకి చిన్నపిల్లలు ఐదుగురు వస్తే వాళ్ళని చూడటానికి ఒకామెని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. అది కూడా ఉద్యోగం చేసే తల్లికే కదా. అలాంటివన్నీ కలుపుకునే మాట్లాడాలి.

కామారెడ్డి
మా చిన్నమ్మ ఏళ్ళుగా ఆ పనికి పోతుంది. పిల్లల్ని చూసే మనిషిని ఒక్కసారీ పెట్టలేదు. చెట్టు కింద చీర కట్టి పడుకోబెట్టేవాళ్ళు.

కృష్ణాతీరం
కూలీ తల్లులకి ఇవ్వండి, నేను కాదనను. 42,000 జీతగాళ్ళకి ఎందుకన్నదే నా ప్రశ్న. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. అమ్మమ్మ ఉండగా డేకేర్ ఎందుకన్నదానికీ రాలేదు.

నిజాంపేట అమ్మ
అమ్మమ్మ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఏడు నెలలు పాపని చూసింది. ఆమెకి 61 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మూడో అంతస్తు, లిఫ్ట్ వారంలో రెండు రోజులు పనిచేయదు. పాపని చంకనేసుకుని ఎక్కేది, దిగేది. అక్కడ మా నాన్న ఒక్కడే కర్రీ పాయింట్ కూరలు తిని బీపీ పెంచుకున్నాడు. ఒకరోజు నేను వచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఏడుస్తోంది, లేవలేకపోతోంది, పాప ఆమె మీదెక్కి ఆడుకుంటోంది. ఆ తర్వాతే డేకేర్‌లో చేర్చాను. ఏడు నెలలు నా జీతం నిలబడింది మా అమ్మ మోకాళ్ళ మీద. ఆమెకి ఎవరూ రూపాయి ఇవ్వలేదు, నేను కూడా ఇవ్వలేదు. ‘అమ్మమ్మలున్నారు’ అని మీరు అంత తేలిగ్గా రాస్తే నాకు ఒళ్ళు మండింది. పిల్లల్ని కనే ముందు ఆలోచించమన్నారు. ఆ మాట మీ ఇంట్లో ఆడపిల్లకి చెప్పగలరా?

సూటిగా
ఇన్ని పోస్టుల్లో పిల్లల నాన్న ఏం చేస్తున్నాడో ఎవరూ అడగలేదు.

నిజాంపేట అమ్మ
మా ఆయనకి నైట్ షిఫ్ట్. పొద్దున దింపేది ఆయనే.

కృష్ణాతీరం
నా మాట మీకు నొప్పి కలిగించింది. పిల్లల్ని కనే ముందు ఆలోచించమన్న ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ.

నా సంగతి కూడా చెప్తాను. మా ఆవిడ ఒక బ్యాంకులో క్లర్కు. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. 1994లో పెద్దవాడు పుట్టాక చూసేవాళ్ళు లేక రాజీనామా చేసింది. ఆమెతో చేరిన స్నేహితురాలు మేనేజర్‌గా రిటైరై పెన్షన్ తీసుకుంటోంది. మా ఆవిడకి ఇప్పుడు 59. మందుల షాపుకి వెళ్ళాలన్నా నా దగ్గర డబ్బులు అడిగి తీసుకుంటుంది, అడిగేటప్పుడు తల దించుకుంటుంది. ఆమె పెంచిన పిల్లలు ఇద్దరూ బాగున్నారు. డేకేర్‌కి డబ్బివ్వండి, ఉద్యోగం మానకండి అని మీరందరూ అంటుంటే, మా ఇంట్లో ఆవిడ చేసిన పని పనే కాదన్నట్టు నాకు వినిపిస్తుంది. ఇవ్వాలంటే డేకేర్‌కి ఇవ్వొద్దు, పిల్లని పెంచే తల్లి ఖాతాలో వెయ్యండి. ఉద్యోగం చేస్తే డేకేర్‌కి కడుతుంది, ఇంట్లో ఉంటే తనే ఉంచుకుంటుంది. బీడీలు చుట్టే తల్లికీ వస్తుంది.

బ్రాంప్టన్ నుంచి
ఫిన్లాండ్‌లో అలాంటిది ఉంది సార్. మూడేళ్ళలోపు పిల్లని మునిసిపల్ డేకేర్‌కి పంపకుండా ఇంట్లో చూసుకునేవాళ్ళకి భత్యం ఇస్తారు, 1980ల నుంచీ.

నిజాంపేట అమ్మ
కృష్ణాతీరం గారూ, ఆంటీ గారి పని పని కాదని నేను ఎప్పుడూ అనను. కానీ ఖాతాలో వేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ డబ్బు అద్దెలో, బియ్యంలో కలిసిపోతుంది. ‘నెలకి ఇంత వస్తోందిగా, ఇంక ఉద్యోగం ఎందుకు’ అని అత్తింట్లో అంటారు. 1994లో ఆంటీ గారికి నెలకి కొంత డబ్బు ఇచ్చి ఉంటే ఉద్యోగం నిలిచేదా? ఆమె వీధిలో మంచి క్రెష్ ఒకటి ఉండి ఉంటే ఈరోజు ఆమెకి సొంత పెన్షన్ ఉండేది. నాకు కావలసింది ఆ క్రెష్. మీకు కావలసింది ఇంట్లో చేసిన పనికి గౌరవం. రెండూ న్యాయమే, కానీ ఒకే డబ్బుతో రెండూ అవ్వవు.

కృష్ణాతీరం
నిలిచేదేమో. కానీ వాణ్ణి వదిలి వెళ్ళడం ఆమెకి ఇష్టమై ఉండేదా అన్నది నేను అప్పుడు అడగలేదు. ఇవాళ అడుగుతాను. నా అభిప్రాయం మాత్రం ఖాతాలో వెయ్యాలనే.

మిర్చి షెడ్డు
మా రోడ్డులో ఇలాంటి షెడ్లు పదికి పైగా ఉన్నాయి. అందరికీ కలిపి, ఘాటు తగలనంత దూరంలో ప్రభుత్వం ఒకటి కట్టి నడిపితే మనిషికి ఇంత అని నేను నెలనెలా కడతాను. అప్పుడు ఆడవాళ్ళని తీసుకోవడానికి నాకు అడ్డేం లేదు. మేడమ్ చెప్పిన 50 సంగతి మా ఆడిటర్‌ని అడిగాను. ఆమె చెప్పిందే కరెక్ట్.

అంగన్‌వాడీ టీచర్
అందరూ మంచి మాటలే అన్నారు. మా సెంటర్ అద్దె గది. 22 మంది పిల్లలు, ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల బియ్యం బస్తాలు. రేపే క్రెష్ పెట్టమన్నా ఉయ్యాల కట్టడానికి చోటు లేదు. స్లాబుకి కొక్కెం వేస్తామని ఇంటి ఓనర్‌ని రెండుసార్లు అడిగాను. పెచ్చులు ఊడతాయని ఒప్పుకోలేదు.