మందు పడని ఎలుకలకే ఎస్‌జీపీటీ పెరిగింది, ఎక్కడ తేడా కొట్టిందంటారు?

కోనసీమ_ఫార్మా: నమస్కారమండి. ఎం.ఫార్మసీ రెండో ఏడు. ఒక ఆకు సారం మీద 28 రోజుల టాక్సిసిటీ (విషప్రభావం) పని, విస్టార్ అనే ల్యాబ్ జాతి ఎలుకలు, గ్రూపుకి ఆరు. పోలిక కోసం మందివ్వని కంట్రోల్ వాటికి ఉత్త సీఎంసీ (మందు కలిపే జిగురు పొడి) నీళ్లే పోశాం. అయినా వాటికీ ఎస్‌జీపీటీ (లివరు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఎక్కువొచ్చింది. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలుంటాయని గైడు గారంటున్నారు. సీరం మాత్రం ఎర్రబడకుండా తేటగానే ఉంది.

పాత_ల్యాబ్_మనిషి: పగిలితే ఎస్‌జీఓటీ అనే రెండో ఎంజైము ఇంకా ఎక్కువ లేచేది తమ్ముడూ. మేత ఎక్కడ పెట్టావు?

కోనసీమ_ఫార్మా: గదిలోనే, బస్తా గోడకి చేరేసి. కాలువ గట్టు పక్కనే యానిమల్ హౌస్, పైగా జూలై. మధ్యలో పెల్లెట్లు అయిపోతే పది రోజులు వేరుశనగ చెక్క, మొక్కజొన్న పిండి, తౌడు కలిపి మేమే ఉండలు చేసిపెట్టాం.

పాత_ల్యాబ్_మనిషి: నా అనుమానం ఆ చెక్క మీదే. తడి తగిలితే బూజు పడుతుంది, దాన్నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది వేరుశనగ చెక్క వల్లే. ఎలుక లివరు దీనికి తట్టుకోదు. తమాషా ఏంటంటే చిట్టెలుక బాగా తట్టుకుంటుంది, ఆ విషాన్ని విరిచే ఎంజైము దానికి గట్టిది. నువ్వు చిట్టెలుకలతో చేసుంటే ఈ గొడవ బయటపడేదే కాదేమో! మిగిలిన మేత పరీక్షకి పంపు, లివరు ముక్కలు హిస్టోపాథాలజీకి (మైక్రోస్కోపు పరీక్షకి) ఇవ్వు. అప్పటిదాకా ఏదీ తేల్చి రాయకు.

అత్తిలి_రైతు: ఆయ్, మాకు చెక్క సంగతి ముక్కే చెప్పేస్తదండి. బద్దలు కొడితే లోపల పచ్చగా పొడి రాలిందా, గేదె దగ్గరికి పోనివ్వం. ఇంతకీ మీ ఎలుకలు కొత్త ఉండలు పెట్టగానే తిన్నాయా? మేం పొలంలో ఎలుకల్ని చంపడానికి నూకలు 96 పాళ్లు, నూనె రెండు, జింక్ ఫాస్ఫైడ్ మందు రెండు కలిపి కన్నాల దగ్గర పెడతాం. ముందు రెండు మూడు రోజులు ఉత్త నూకలు అలవాటు చెయ్యకపోతే కొరికి వదిలేస్తాయి. ఒకసారి తిని బతికింది మళ్లీ ముట్టదు.

ఫార్మకాలజీ_అక్క: రైతుగారు అసలు పాయింటు పట్టారు. ఎలుకకి వాంతి చేసుకునే వీలు లేదు, అందుకే కొత్తది కొంచెం రుచి చూసి ఆగుతుంది. తమ్ముడూ, మేత మార్చిన మర్నాటి బరువులు రిజిస్టర్లో చూడు. తినడం తగ్గితే బరువు, షుగరు, లివరు అన్నీ కదులుతాయి, నీ మందుకి సంబంధం లేకుండానే.

పాత_ల్యాబ్_మనిషి: మేత అంటే చిన్న విషయం కాదు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు ఒక్క గదిలో బెరిబెరి (బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) విచారణ మొదలెట్టాడు. మర పట్టిన పచ్చి బియ్యం తినే మన సర్కారు (కోస్తా) జిల్లాల్లోనే ఆ జబ్బు ఎక్కువ. ఆ గదే పెరిగి పెరిగి ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. తర్వాత ఆయన ఎలుకలకి ప్రాంతాలవారీ భోజనాలు పెట్టి చూస్తే రొట్టె, పాలు, పప్పు తిన్నవి ఏపుగా పెరిగాయి, మన వరి అన్నం భోజనం తిన్నవి గిడసబారాయి. కోపం తెచ్చుకోకండి, నాకూ అన్నమే ఇష్టం.

కోనసీమ_ఫార్మా: రిజిస్టరు చూశానండి. మేత మార్చిన మర్నాడు నాలుగు గ్రూపులూ బరువు తగ్గాయి. మిగిలిన ఉండ విరిస్తే లోపల పచ్చగానే ఉంది. మళ్లీ చెయ్యాలంటే ఎథిక్స్ కమిటీ దగ్గరికి కొత్తగా వెళ్లాలి, గైడు గారికి ఎలా చెప్పాలో తెలీడం లేదు. సగం చెక్క బస్తా మిగిలింది, అటెండరు గారు ఇంటికాడ గేదెకి పట్టుకెళ్తానంటున్నారు.

ఫార్మకాలజీ_అక్క: ఒద్దొద్దు! ఆ బూజు విషం పాలలోకి దిగుతుంది. నమూనా తీసిపెట్టుకుని మిగతా బస్తాకి ఇవాళే తాళం వేయించు.