ఇంగ్లిష్ జీను అలవాటున్నవాళ్లు వెస్టర్న్‌కి మారేటప్పుడు ఏం చూసుకోవాలి?

సవారీ_డాలస్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ పద్ధతిలో నేర్చుకున్నాను, క్యాంటర్ (ఓ మోస్తరు పరుగు) వరకు వచ్చు. ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాను, మా దగ్గర అన్నీ వెస్టర్న్ జీనులే. ఇంగ్లిష్‌లో నా సైజు 17. ఇక్కడ ఏ సైజు చూడాలి? పగ్గాలు పట్టడంలో ఏం మార్చుకోవాలి? జీను కట్టేటప్పుడు జాగ్రత్తలేమిటి?

జీను_రికాబు:
15తో మొదలుపెట్టండి. కొలిచే చోటే వేరు కాబట్టి సుమారు రెండంగుళాలు తగ్గుతుంది. ఇంగ్లిష్‌లో ముందుపక్కనున్న మేకు తల నుంచి సీటు వెనక ఎత్తుగా లేచిన అంచు, అంటే కాంటిల్, మధ్యకి కొలుస్తారు. వెస్టర్న్‌లో జీను ముందు పిడిలా ఉండే కొమ్ము కింద ఉబ్బెత్తుగా ఉండే ఫోర్క్ నుంచి కాంటిల్ పైకుట్టు దాకా. కూర్చున్నాక తొడకీ ఫోర్క్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి.

బరువు చూసి కంగారుపడకండి. ఇంగ్లిష్ జీను 5–9 కిలోలుంటే ఇది 12–20 ఉంటుంది. స్పెయిన్ నుంచి మెక్సికో పశువుల కాపరుల ద్వారా వచ్చిన జీను ఇది. ఆవు మెడకి తాడు పడగానే రెండో కొస కొమ్ముకి చుట్టేస్తారు, ఆ గుంజుడుకి తట్టుకోవాలి. రోజంతా కూర్చునే పని కాబట్టి మనిషి బరువు వీపు మీద ఎక్కువ మేర పరుచుకునేలా కడతారు. కొమ్ము పట్టుకుని వేలాడుతూ ఎక్కే అలవాటు మాత్రం చేసుకోకండి, జీను పక్కకి తిరుగుతుంది. ఎడమ చేత్తో పగ్గాలతోపాటు జూలు పట్టుకోండి.

మెత్తని_చెయ్యి:
అసలు మార్పు చేతుల్లో ఉందండి. ఇంగ్లిష్‌లో రెండు చేతులతో గుర్రం నోటిని ఎప్పుడూ కాస్త తాకుతూనే ఉంటాం. అదే పట్టుని పొడవు కాడలున్న కర్బ్ కళ్లెం మీద పెడితే కాడలు మీటలా పనిచేసి గడ్డం కింద పట్టీ బిగుసుకుంటుంది, తలపట్టీ చెవుల వెనక నొక్కుతుంది. గుర్రం తల ఎగరేస్తుంది, లేదా వెనక్కి నడుస్తుంది. మొండిది అనుకుంటారు గానీ, చెయ్యి వదలమని అడుగుతోందంతే. అందుకే మొదట్లో కాడలు లేని స్నాఫిల్ కళ్లెంతో, రెండు చేతులతోనే తిరగండి.

ఒంటిచేత్తో తిప్పడం, అంటే నెక్ రీనింగ్, నేర్పిన గుర్రానికే వస్తుంది. ఎడమకి వెళ్లాలంటే చెయ్యి రెండు మూడంగుళాలు ఎడమకి జరిపితే కుడి పగ్గం మెడని తాకాలి, కుడికాలు కాస్త ఒత్తాలి. తిరగలేదని చెయ్యి ఇంకా ఎడమకి లాగారో, కుడి పగ్గం బిగిసి ముక్కు కుడికి తిరుగుతుంది. మనం ఒకవైపు, అది ఒకవైపు!

రికాబులు పొడవుగా పెట్టుకోండి, మోకాలు కొద్దిగా వంగితే చాలు. జాగ్‌లో, అంటే మెల్లటి పరుగులో, లేచి కూర్చునే పని లేదు, నడుం వదులుగా ఉంచి కూర్చోవడమే.

తోలుపట్టీ:
కట్టే సంగతి నేను చెబుతాను. ఎత్తే ముందు కుడి రికాబు, సించ్‌లు (పొట్ట కింద బిగించే పట్టీలు) సీటు మీదికి మడవండి. ప్యాడ్‌తో సహా కాస్త ముందుగా పెట్టి, వెంట్రుకలు వాలిన దిక్కుకే వెనక్కి జరపండి. మెడ దిగువన ఎత్తుగా ఉండే విదర్స్ దగ్గర ప్యాడ్‌ని వేళ్లతో పైకి ఎత్తి గాలి ఆడనివ్వండి. తర్వాత కుడివైపుకి వెళ్లి సించ్ చేత్తో దింపండి. విసిరితే ఇనుప రింగు కాలికి తగులుతుంది.

ఎడమవైపు లాటిగో పట్టీని సించ్ రింగుకీ జీను రింగుకీ మధ్య రెండు చుట్లు తిప్పి బిగించండి. ఒకేసారి లాగొద్దు. చాలా గుర్రాలు పొట్ట బిగపడతాయి. కాస్త నడిపించి మళ్లీ బిగించండి, ఎక్కేముందు ఇంకోసారి చూడండి.

ముందు సించ్ మొదట, వెనకది తర్వాత. విప్పేటప్పుడు వెనకది ముందు. ఈ వరస తప్పకండి: వెనక సించ్ ఒక్కటే ఉండగా జీను జారితే డొక్కల్లోకి పోయి గుర్రం ఎగిరి తన్నుతుంది. రెంటినీ కలిపే చిన్న పట్టీ కూడా అందుకే. వెనకది పొట్టకి ఆనీ ఆననట్టుండాలి, వేలాడితే వెనకకాలు ఇరుక్కోవచ్చు.

సవారీ_డాలస్:
చాలా థ్యాంక్సండి. మా గుర్రం అరబ్, వీపు పొట్టి. ఏదైనా ఇబ్బందా?

తోలుపట్టీ:
చదరపు స్కర్ట్ (సీటు కింద వీపు మీద పరుచుకునే తోలు) ఉన్నది వద్దు, నడుముకి రాసుకుంటుంది. గుండ్రటి స్కర్ట్ తీసుకోండి. బరువు ఆనే భాగం చివరి పక్కటెముక దాటకూడదు. అరగంట సవారీ అయ్యాక ప్యాడ్ తీసి చూడండి: చుట్టూ చెమట పట్టి ఒక్కచోట పొడిగా ఉంటే అక్కడ నొక్కుతున్నట్టు, లేదా అసలు ఆననట్టు. ఆ చోట వేళ్లతో నొక్కి చూడండి, గుర్రం వీపు దించితే ఆ జీను కొనకండి.